ఎల్స్‌పెత్ పుట్టింటిపేరు

ఆర్చీ డూగిడ్ బట్టల కొట్టు అమ్మేసి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక స్కాట్లండ్‌లోని మా ఇన్వర్‌లూథీలో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది. కొట్టు ఉన్నన్నాళ్ళూ ఆయన కోపతాపాలన్నీ గుమాస్తాల మీద ఖర్చయ్యేవి. ఇప్పుడవి వీధిలోకి వచ్చాయి. అంతకుముందు ఒక దఫా మునిసిపల్ చైర్మన్‌గా కూడా చేశాడు. పదవి దిగిపోయిన రోజున మెడలోని పదవి గొలుసు తీసి తిరిగి ఇచ్చేశాడు గాని, దానితో పాటు వచ్చిన మెడ బిరుసు మాత్రం తనే ఉంచేసుకున్నాడు.

నేను వాళ్ళ పక్కింటిదాన్ని. ఆర్చీ భార్య ఇష్బెల్, నేను చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. ఇప్పుడు రోజూ మధ్యగోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటాం. కాబట్టి ఆ ఇంట్లో జరిగింది వాళ్ళ తర్వాత తెలిసేది నాకే. ఒక్కోసారి ఆర్చీ కన్నా ముందే తెలిసేది.

మాది పేరుకు ఒక ఊరు గాని నిజానికి రెండు. గుట్ట మీద పైఊరు, దుకాణాలవాళ్ళది. కింద సముద్రపొడ్డున జాలరిపేట. పైఊరివాళ్ళు పేటవాళ్ళు పట్టిన చేపలు లొట్టలేసుకుంటూ తింటారు గాని పేటలో పిల్లనివ్వరు, పిల్లని తెచ్చుకోరు. చర్చిలో కూడా వాళ్ళ బల్లలు వేరు, వీళ్ళ బల్లలు వేరు. దేవుడికి చేపల కంపు పడదని ఎవరు చెప్పారో గాని, అందరూ నమ్మారు.

ఆర్చీ చైర్మన్‌గా ఉన్నప్పుడు చేసిన ఘనకార్యం ఒకటుంది. పేటలో రీత్ కుటుంబానికి చేపలు పొగబెట్టే గది ఉండేది. వాటీ రీత్, అతని అక్క బెథియా దాన్ని నడిపేవాళ్ళు. వాళ్ళ తాత కట్టిన గది అది. సముద్రం గాలి గుట్ట వైపు తిరిగినప్పుడల్లా ఆ పొగ తిన్నగా ఆర్చీ కొట్లోకి వచ్చి ఉన్ని బట్టల్లో కాపురం పెట్టేది. డూగిడ్ కొట్లో కోటు కొంటే పిల్లులు వెంటపడతాయని ఊళ్ళో ఎవడో అన్నాడు. ఆ మాట ఆర్చీ చెవిన పడింది. ప్రజల ఆరోగ్యానికి హానికరమని తీర్మానం చేయించి, ఆ గది పునాదులతో సహా లేపేయించాడు. కూలుస్తుంటే వాటీ పైపు కాల్చుకుంటూ చూస్తూ నిలబడ్డాడట. బెథియా మాత్రం ఆనాటి నుంచి ఆర్చీ ఎదురైతే, జోరువానలో ఉన్నా సరే, రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేది.

ఇక ఆర్చీ జబ్బు సంగతి. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మనది మామూలు రక్తం కాదురా ఆర్చీ" అనేదట. ఆవిడ ఉద్దేశం బహుశా కుర్రవాడు ముక్కు శుభ్రంగా తుడుచుకోవాలని. ఆర్చీ మాత్రం అరవై దాటాక ఆ మాటకి సాక్ష్యం వెతకడం మొదలుపెట్టాడు. కాలి బొటనవేలికి గౌటు నొప్పి వస్తే అది కూడా గొప్పింటివాళ్ళ జబ్బేనని సంతోషించాడు.

లైబ్రరీ వెనక గదిలో మా ఊరి చరిత్ర సంఘం సమావేశమయ్యేది. అధ్యక్షుడు లుడొవిక్ బారన్, రిటైరైన హెడ్‌మాస్టరు. ఆయన తాతముత్తాతలు పాత రాజవంశం దాకా పోతారని ఆయనే తేల్చాడు. మిగతావాళ్ళకూ తలొక సామంతుడో సేనాపతో దొరికాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు. వాళ్ళ వంశవృక్షాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ కాలంలో స్కాట్లండ్ నిండా రాజులే తప్ప పొలం దున్నినవాడు ఒక్కడూ లేడని తేలుతుంది. నేను అక్కడ టీ కాచి పోసేదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేసేదేముంది, ఇక్కడైతే నవ్వుకోవడానికైనా ఏదో దొరికేది.

మా దేశంలో పెళ్ళయినా ఆడదాని పుట్టింటిపేరు చెరిగిపోదు. చర్చి పుస్తకంలో అదే రాస్తారు, సమాధి రాయి మీదా అదే చెక్కుతారు. కాబట్టి ఆర్చీకి కావలసిందల్లా తన ముత్తాతకు తాత అయిన జాన్ డూగిడ్ ఎవరిని చేసుకున్నాడో తెలుసుకోవడం. డూగిడ్‌లు తరతరాలుగా నేతగాళ్ళని అందరికీ తెలుసు, అటునుంచి ఆశ లేదు. మామూలుది కాని ఆ రక్తం ఏదైనా ఉంటే అది కోడళ్ళతోనే వచ్చి ఉండాలి.

రెండు వందల ఏళ్ళ నాటి చర్చి పెళ్ళిళ్ళ పుస్తకాన్ని పేజీపేజీ ఫొటో తీసిన ఫిల్ము లైబ్రరీకి తెప్పించాడు. ఫిల్ము వెలుగులో చూపించే యంత్రం ముందు ఆర్చీ ఆ శీతాకాలమంతా కూర్చున్నాడు. ఆ పుస్తకం రాసింది ఆనాటి బడిపంతులు. ఆయన బాతు ఈకతో, చలికి బిగుసుకున్న వేళ్ళతో, ఇంటికి పోవాలన్న తొందరలో రాసినట్టుంటుంది. ఆయన 'ఎస్' రాస్తే 'ఎఫ్' అనిపిస్తుంది. 'ఎన్', 'యు' కవలపిల్లలు, కన్నతల్లి కూడా పోల్చలేదు. పైగా పుస్తకానికి ఎప్పుడో చెమ్మ తగిలి పేజీల అంచులు టీ మరకల్లా తయారయ్యాయి. మొత్తానికి ఒకనాడు జాన్ డూగిడ్ దొరికాడు. "ఈ చర్చి పరిధిలోని నేతగాడు జాన్ డూగిడ్, ఎల్స్‌పెత్" అని ఉంది, ఆ తర్వాత ఆమె పుట్టింటిపేరు. ఆ పేరులో చివరి నాలుగు అక్షరాలు బాగానే ఉన్నాయి. మొదటిదాని మీద మాత్రం మరక.

ఆర్చీ ఆ పేజీకి నకలు తీయించుకుని ఇంటికి తెచ్చి వంటబల్ల మీద పరిచాడు.

"చూడు ఇష్బెల్. కీత్. ఎల్స్‌పెత్ కీత్."

కీత్‌లంటే మా వైపు ఒకప్పుడు కోటలు కట్టుకుని ఏలినవాళ్ళు. ఇష్బెల్ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"నాకు రీత్‌లా ఉంది."

"రీత్ ఎలా అవుతుంది? అది 'కె'. కాలు బయటికి ఎలా చాచిందో చూడు."

"దాని పై వరసలో ఉన్న మాట ఏంటి?"

"రాబర్ట్. సాక్షి పేరు."

"ఆ రాబర్ట్‌లో మొదటి అక్షరం కూడా కాలు అలాగే చాచింది."

"అక్కడ పంతులుగారి కలం జారింది."

"మరి కింద చర్చిని 'కిర్క్' అని రాసినచోట 'కె' ఇంకోలా ఉందేం?"

"అక్కడ సిరా అయిపోవచ్చింది."

"అయితే ఆ పంతులు పేజీ మొత్తం తప్పులే రాసి, నీకు కావలసినచోట మాత్రం సరిగ్గా రాశాడన్నమాట" అని ఇష్బెల్ ఆ కాగితం పక్కకు జరిపి ఓట్స్ పిండి రొట్టెలు ఒత్తుకుంది. ఆర్చీ కాగితం మీది పిండి దులుపుకుని సంఘానికి బయల్దేరాడు.

సంఘంలో నకలు చేతులు మారింది. అందరూ భూతద్దం పెట్టి చూశారు. చూసినకొద్దీ కొందరి మొహాల్లో 'ఆర్' కనిపించడం నేను గమనించాను. రీత్‌లు మా ఊళ్ళో కనీసం ఆరిళ్ళ వాళ్ళున్నారు, ఆ పేరు తట్టనివాళ్ళెవరు? అప్పుడు బారన్ గొంతు సవరించుకున్నాడు.

"అక్షరం విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నట్టున్నాయి. ఓటుకు పెడదాం."

మిస్ టారస్ అని పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆవిడ, "చచ్చిపోయినవాడు రాసిన అక్షరాన్ని మనం చేతులెత్తి మార్చొచ్చా?" అని అడిగింది.

"మార్చడం లేదు మేడమ్. ధ్రువీకరిస్తున్నాం."

అందరూ చేతులెత్తారు. మిస్ టారస్ కూడా, వాళ్ళ సేనాపతి గుర్తొచ్చి కాబోలు, సగం దాకా ఎత్తింది. నా రెండు చేతుల్లోనూ టీ పళ్ళెం ఉండటంతో నా ఓటు లెక్కలోకి రాలేదు. అంతకు రెండు నెలల ముందే బారన్ గారి రాజుకి ఆర్చీ చెయ్యెత్తాడు. ఇప్పుడు ఆర్చీ కోటకి బారన్ ఎత్తాడు. ఆ సంఘంలో చరిత్ర అలా నడిచేది, చేబదులు లాగా.

తర్వాత పది రోజుల్లో గేటు మీద ఇత్తడి పలక వెలిసింది: కీత్-డూగిడ్. కీత్‌ల వంశపు గళ్ళ బట్టతో కిల్ట్, అంటే మా మగవాళ్ళు కట్టే మోకాలి పొడవు కుచ్చెళ్ళ లంగా, కుట్టించుకున్నాడు. ముప్పై ఏళ్ళు జనానికి కొలతలు తీసిన మనిషి తన నడుము కొలత మాత్రం పెళ్ళినాటిదే చెప్పాడు. ఆ కిల్ట్ బిగించుకుని కూర్చుంటే ఊపిరి తీసుకోవడానికి లేచి నిలబడాల్సి వచ్చేది. పాలవాడు పలక చదివి తలుపు కొట్టాడు.

"ఇకనుంచి రెండిళ్ళకి పాలు వెయ్యాలా సార్?"

ఇష్బెల్ ఒక సీసా చాలంది. "ఆ రెండోవాళ్ళు ఇంకా దిగలేదు" అని కూడా అంది.

అంతటితో ఆగితే ఆర్చీ చచ్చేదాకా కీత్‌గానే ఉండేవాడు. కాని మనిషికి కోట దొరికాక గది కూడా కావాలనిపిస్తుంది. ఎల్స్‌పెత్ ఏ కీత్ కూతురో, ఏ కోటలో పుట్టిందో తేల్చుకుందామని వసంతంలో రైలెక్కి ఎడిన్‌బరో వెళ్ళాడు. అక్కడ పాత కాగితాలు దాచే భవనంలో మా చర్చి పెద్దల పంచాయతీ పుస్తకం ఉంది. పెళ్ళికి ముందు తొందరపడినవాళ్ళనీ, ఆదివారం బట్టలుతికినవాళ్ళనీ పిలిచి నిలదీసిన సంగతులన్నీ అందులో రాసేవాళ్ళు. ఆర్చీ దురదృష్టం, ఆ పుస్తకం రాసినవాడు బడిపంతులు కాదు. ఇంకెవరో ముత్యాల్లాంటి అక్షరాలవాడు. ఎక్కడా మరక లేదు, కలం జారలేదు, సిరా అయిపోలేదు.

ఆ పేజీ నకలు తర్వాత నేనూ చదివాను. ఇలా ఉంది:

"ఈ దినము ఎల్స్‌పెత్ రీత్, జాలరిపేటలో చేపలబుట్టలు మోయు అలెగ్జాండర్ రీత్ కూతురు, పెద్దల ఎదుట హాజరై, తాను గర్భవతిననియు, కారకుడు నేతగాడు జాన్ డూగిడ్ అనియు ఒప్పుకొనినది. సదరు జాన్ డూగిడ్‌ను పిలిచి అడుగగా, ఆ పిల్ల ఎవరో తాను ఎరుగనన్నాడు."

మూడు వారాల తర్వాత మళ్ళీ:

"సదరు జాన్ డూగిడ్ తనంతట తాను హాజరై, ఆ పిల్ల ఎవరో తనకిప్పుడు జ్ఞాపకము వచ్చినదనియు, పెండ్లాడుటకు సమ్మతమేననియు చెప్పినాడు. పిల్ల అన్నలిద్దరు తలుపు వద్ద నిలిచియుండిరి. మొగము వాపు గురించి అడుగగా, మెట్ల మీద పడితినన్నాడు."

ఆ సాయంత్రం ఆర్చీ ఇంటికొచ్చి టోపీ తీయకుండానే భోజనానికి కూర్చున్నాడట. ఇష్బెల్ పొగచేపల సూప్ వడ్డించింది.

"రీత్" అన్నాడు.

"ఏంటి?"

"అదే. అది 'ఆర్'."

ఇష్బెల్ ఇంకో గరిటె సూప్ పోసింది.

"నేను ముందే చెప్పానని అనవేం?"

"అనను. అంటే నీకు తేలికైపోతుంది" అంది ఇష్బెల్.

మర్నాడు ఇత్తడి పలక ఊడింది. మేకుల కన్నాలు మాత్రం గేటుకి అలాగే ఉండిపోయాయి. పాలవాడు వాటిని కాసేపు చూసి, ఈసారి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆ మర్యాద ఆర్చీకి వెటకారం కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

ఆర్చీకి వంద అవలక్షణాలున్నా తెలిసిన నిజాన్ని జేబులో పెట్టుకుని తిరిగే ఓపిక మాత్రం లేదు. తిన్నగా సంఘానికి పోయి, నకలు బల్ల మీద పెట్టి, నేను పొరబడ్డాను, తీర్మానం రద్దు చేయండి అన్నాడు. బారన్ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"తీర్మానం ఏకగ్రీవం, మిస్టర్ కీత్-డూగిడ్."

"నేను కీత్‌ని కాదు మొర్రో అంటుంటే."

"మీ సొంత అభిప్రాయం మీరు ఉంచుకోవచ్చు. సంఘం అభిప్రాయం అది కాదు. ఇవాళ ఒక్క అక్షరం తిరగదోడితే రేపు ఎవరెవరి అక్షరాలు తిరగదోడాల్సి వస్తుందో ఆలోచించారా?"

అందరూ ఆలోచించారు. గదిలో ఉన్న రాజులు, సామంతులు, సేనాపతులు తమ తమ కుర్చీల్లో కొంచెం కదిలారు. ఎవరో టీ అడిగారు. ఆర్చీ సంఘం నుంచి బయటికొచ్చేశాడు. ఆ రాత్రి సంఘం పుస్తకంలో మాత్రం, అనారోగ్య కారణంగా శ్రీ కీత్-డూగిడ్ త్వరగా నిష్క్రమించారని రాశారు.

ఇంతటితో ఆ మనిషికి బుద్ధొచ్చిందని మీరనుకుంటే ఆర్చీ మీకింకా అర్థం కాలేదు. ఓ నెల మొహం మాడ్చుకుని ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా వేరే సంగతులు వినిపించడం మొదలైంది. కోటల్లో కూర్చుని తిన్నవాళ్ళదేముంది, కెరటాలకు ఎదురెళ్ళినవాళ్ళది రక్తమంటే. తన కళ్ళలో మొదట్నుంచీ సముద్రం ఉందని ఎవరో అన్నారట. పడవ ఎక్కితే వాంతి చేసుకునే మనిషి వాతావరణం గురించి జాలర్లకి చెప్పడం మొదలుపెట్టాడు. కిల్ట్ బీరువాలోకి పోయింది, జాలర్లు తొడుక్కునే ముదురు నీలం ఉన్ని స్వెట్టర్ ఒకటి వచ్చింది.

"గుడ్డ మారింది" అంది ఇష్బెల్ గోడ మీద చేతులానించి. "లోపలున్నది ఆ ఆర్చీయే."

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆ స్వెట్టర్ తొడుక్కుని, షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని గుట్ట దిగాడు. తోడు రమ్మని ఇష్బెల్‌ని అడిగితే, ఆవిడ నన్నూ రమ్మంది. ఇద్దరం నాలుగడుగులు వెనకగా నడిచాం. తిట్లు మీద పడని దూరంలో ఉండటం మంచిదని ఇష్బెల్ ఉద్దేశం.

బెథియా రీత్ గుమ్మం ముందు నిలబడి కొంగలకు చేప తలలు విసురుతోంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, నిటారుగా, ఊచలా ఉంటుంది. ఆర్చీని చూసింది. దాటి అవతలికి పోవడానికి ఆవిడ గుమ్మం ముందు రోడ్డు లేదు, సముద్రమే ఉంది.

"మా ఇంట్లో కూల్చడానికి ఇంకేం మిగల్లేదు డూగిడ్ గారూ. కోళ్ళగూడు ఒకటుంది. కావాలంటే చూసుకోండి."

"ఆ పని మీద రాలేదండీ. మీకో సంగతి చెబుదామని వచ్చాను. మీరు ఆశ్చర్యపోతారు. మనం బంధువులం. కాగితం కూడా తెచ్చాను."

"తెలుసు" అంది బెథియా.

ఆర్చీ చంకలో డబ్బా జారింది. "తెలుసా?"

"మా అమ్మమ్మకి తెలుసు. వాళ్ళమ్మకీ తెలుసు. ఎల్స్‌పెత్ అనే పిల్లని పైఊరి నేతగాడొకడు మోసం చేసి, ఎవరో తెలీదన్నాడు. అన్నలు వెళ్ళి తెలిసేలా చేశారు. మా ఇంట్లో ఎవడైనా తీసుకున్న వల తిరిగివ్వకపోతే ఇప్పటికీ, 'ఏరా, జ్ఞాపకం రాలేదా, మెట్ల మీద పడాలా' అంటాం."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటాం? పైఊరివాళ్ళతో వియ్యమని తెలిస్తే మా పిల్లలకి సంబంధాలు రావొద్దూ?"

నా పక్కన ఇష్బెల్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.  ఆర్చీ జీవితమంతా ఈ పేటవాళ్ళని చూసి ముక్కు మూసుకున్నాడు. వీళ్ళు తనని చూసి తల దించుకుంటున్నారన్న ఆలోచన ఆయనకి కలలో కూడా వచ్చి ఉండదు. బెథియా ఇంకా వదల్లేదు.

"ఏంటా చొక్కా?"

"జాలరి స్వెట్టరండీ. మన పేట..."

"ఆ అల్లిక మన పేటది కాదు. అవతలి రేవువాళ్ళది. సముద్రంలో పడి పోయారనుకోండి, ఆ అల్లిక చూసి శవాన్ని వాళ్ళకి పంపిస్తారు. వాళ్ళూ పుచ్చుకోరు."

ఇంతలో లోపల్నుంచి దగ్గూ, దగ్గు వెనకే గొంతూ వినిపించాయి. "ఎవరే అక్కా?"

"నీ చుట్టం. పొగగది చుట్టం."

లోపల కుర్చీ కిర్రుమంది. తర్వాత, "లోపలికి రమ్మను. బూట్లు బయట విప్పమను" అన్నాడు వాటీ.

వాటీ కిటికీ పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయి ఆ ఏడాది నుంచీ గడప దాటడం లేదు. మేజోళ్ళతో నిలబడ్డ ఆర్చీని పైనుంచి కిందికి చూశాడు. ఆర్చీ ఒక కాలి బొటనవేలు మేజోడు చిరుగులోంచి బయటికి తొంగి చూస్తోంది.

"కాగితం తెచ్చావట. చదువు."

ఆర్చీ నకలు తీసి చదవడం మొదలుపెట్టాడు. మొదట చైర్మన్ గొంతుతోనే చదివాడు. 'ఎవరో తాను ఎరుగనన్నాడు' అన్నచోటికి వచ్చేసరికి గొంతు తగ్గింది. 'మెట్ల మీద పడితిన'న్న మాట దగ్గర వాటీ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గులోకి తిరిగి, బెథియా వచ్చి వీపు నిమిరేదాకా ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ చదువు" అన్నాడు. ఆర్చీ మళ్ళీ చదివాడు. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు చదివించాడో నాకు గుర్తులేదు. చివరికి వాటీ కళ్ళు మూసుకుని, పెదాలతో మాటలు అందిస్తూ విన్నాడు.

లేచి వచ్చేముందు ఆర్చీ కాగితం మడుస్తూ, తల ఎత్తకుండా, "వాటీ, ఆ పొగగది విషయంలో నేను..." అన్నాడు.

"వద్దు" అన్నాడు వాటీ. కోపంగా అనలేదు. "నీకూ ఇప్పుడు జ్ఞాపకం వచ్చిందంటావు. ఒక్క రోజుకి ఇద్దరు డూగిడ్‌లంటే నా ఊపిరి చాలదు."

అలా క్షమాపణ నోట్లోనే ఉండిపోయి, ఆర్చీ దాన్ని మోసుకుంటూ గుట్టెక్కాడు.  ఇంటి దగ్గర స్వెట్టర్ విప్పి ఇష్బెల్ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని కుక్కకి పక్కేసింది.

ఆ తర్వాత ఆర్చీ ప్రతి ఆదివారమూ మామూలు కోటుతోనే పేటకి వెళ్ళేవాడు. సముద్రం కళ్ళ గురించి మళ్ళీ మాట్లాడలేదు. డామినో పలకల ఆటలో వాటీ చేతిలో ఓడిపోయేవాడు. కావాలని ఓడిపోతున్నాడని ఇష్బెల్ అనుకుంది గాని, ఆటే రాదని తర్వాత తెలిసింది. బెథియా టీ ఇచ్చేది, 'డూగిడ్ గారూ' అనే పిలిచేది. ఆ 'గారూ' ఎంత చల్లగా ఉండేదంటే, టీ తొందరగా తాగాల్సి వచ్చేదట.

శరదృతువు చివర్లో వాటీ పోయాడు.

మా వైపు శవపేటికని గోతిలోకి దించే తాళ్ళు ఎనిమిది. ఏ తాడు ఎవరు పట్టాలన్నది ఇంటివాళ్ళు నిర్ణయించి, అంకె వేసిన చీటీలు పంపుతారు. కొడుకులు, అన్నదమ్ములు, మేనల్లుళ్ళు, ఆ వరసలో. తాడు రాలేదని పాతికేళ్ళు మాట్లాడుకోకుండా ఉన్న అన్నదమ్ముల్ని నేనెరుగుదును. ఆర్చీకి చీటీ మీద ఆశ ఉందని నాకు తెలుసు. రెండు రోజులు తపాలావాడు వచ్చే వేళకి గేటు దగ్గరే గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. ఆ చెట్టుకి కొమ్మలు మిగల్లేదు గాని చీటీ రాలేదు.

మూడోనాడు బెథియానే గుట్టెక్కి వచ్చింది. నల్లకోటు, నల్లటోపీ. నాకు తెలిసి ఆవిడ మా వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. గేటు దగ్గర ఆగి, మేకుల కన్నాల వైపు ఓసారి చూసి, చీటీ చేతికిచ్చింది. ఎనిమిది. ఆఖరి తాడు.

"నా ఇష్టమైతే ఇచ్చేదాన్ని కాదు. పోయేముందు వాడే రాయించాడు. 'నా గది పడగొట్టినవాడు నన్ను దించడానికి కూడా ఉండాలి అక్కా, ఆ పని అతనికి అలవాటే' అన్నాడు. ఆ మాట కూడా చెప్పమన్నాడు. చెప్పాను."

ఆర్చీ చీటీ రెండు చేతులతో పుచ్చుకున్నాడు. టోపీ తీశాడు. బెథియా వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. తర్వాత మేడమీదికి పోయాడు. టీకి పిలిస్తే రాలేదు. ఇష్బెల్ కూడా రెండోసారి పిలవలేదు.

సమాధుల దగ్గర గాలి గట్టిగా వీస్తోంది. మేం ఆడవాళ్ళం గోడవార నిలబడ్డాం. అంకె ప్రకారం మగవాళ్ళు ముందుకొచ్చి తాళ్ళు పట్టుకున్నారు. గౌటు కాలి మీద బరువెయ్యలేక ఆర్చీ ఒంటికాలి కొంగలా నిలబడ్డాడు. పేట కుర్రాళ్ళకి తాడు వదలడం చిన్నప్పట్నుంచీ అలవాటు, వాళ్ళ చేతుల్లోంచి అది నూనెలా జారింది. ఆర్చీది ఆగి ఆగి, కుదుపులతో జారింది. బరువు చేతుల్లోకి వచ్చినప్పుడు ఆయన మొహం ఎలా మారిందో నేను చూశాను. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్న మనిషిని నేను ఎగతాళి చేయకుండా చూసిన క్షణం బహుశా అదొక్కటే. తాడు చివర గోతిలోకి వదిలేశాక కూడా చేతులు అలాగే ముందుకు చాపి ఉంచాడు. పక్కవాడు మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

తర్వాత చర్చి హాల్లో మాంసం కూరిన రొట్టెలు, టీ, విస్కీ. పైఊరి నుంచి కూడా కొందరు వచ్చారు. బారన్ పాస్టరుగారి పక్కన కూర్చుని, వాటీ గురించి తనకేమీ తెలియకపోయినా చాలాసేపు చెప్పాడు. ఆర్చీని చూసి, "రండి మిస్టర్ కీత్-డూగిడ్, ఇక్కడ చోటుంది" అని కుర్చీ లాగాడు. మాజీ చైర్మన్లు కూర్చునే వరస అది. కాలు నొప్పితో ఉన్న ఆర్చీ అటు నడిచి, కుర్చీ వీపు మీద చెయ్యి కూడా వేశాడు.

"నువ్వెక్కడ కూర్చుంటున్నావ్?" అంది బెథియా వెనకనుంచి.

'గారూ' లేదు. 'మీరు' లేదు. హాల్లో సగం మంది తల తిప్పారు.

"కాస్త కాలు నొప్పిగా..."

"కూర్చునేది వచ్చినవాళ్ళు. వంటింట్లో కప్పులు గుట్టపడి ఉన్నాయి. ఇంటివాళ్ళు కాకపోతే ఎవరు కడుగుతారు? చొక్కా చేతులు పైకి మడుచుకో."

ఆర్చీ ఆవిడ వైపు చూశాడు, బారన్ వైపు చూశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు, చొక్కా చేతులు మడుచుకుంటూ వంటింట్లోకి పోయాడు. అక్కడ రీత్‌ల మేనల్లుడొకడు సబ్బునీళ్ళ తొట్టి ముందు చోటిచ్చి, తను తుడిచే గుడ్డ అందుకున్నాడు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి కప్పు కడగటం నేనెప్పుడూ చూళ్ళేదు" అంది ఇష్బెల్ నా చెవిలో. ఇద్దరం మాంసం రొట్టె ముక్కలు చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి చూశాం.

బెథియా తొట్టి పక్కన నిలబడి, ఆర్చీ కడిగిపెట్టిన కప్పొకటి తీసి దీపం వెలుగుకి ఎత్తి చూసింది.

"అడుగున మరక పోలేదు. మళ్ళీ కడుగు."

ఆర్చీ కళ్ళజోడు ముక్కు మీదికి దించి కప్పులోకి చూశాడు. "ఏదీ, కనిపించడం లేదే" అన్నాడు.

"నీ చూపు సంగతి ఊరంతటికీ తెలుసు" అంది బెథియా. "కడుగు."